మామ డొప్పలో నేను పోసింది

మా మామ పదోనాడు గోదావరి ఒడ్డున పిట్ట ఎందుకు ముట్టలేదో నాకు తెలుసు. ఆ రోజు అక్కడ నిలబడ్డ నలభై మందికి తెలియదు. తెలియకపోయినా ఒక కారణం కట్టుకొని కరీంనగర్ వాళ్లు కరీంనగర్‌కు, ఆసిఫాబాద్ వాళ్లు ఆసిఫాబాద్‌కు మోసుకుపోయారు. ఆ కారణం పేరు నా బామ్మర్ది. కన్నతండ్రిని ఆఖరి నెలలో చుక్క కోసం ఏడిపించాడట, ఆ కోపంతోనే ముసలాయన కొడుకు పెట్టిన కూడు ముట్టలేదట. అది నిజం కాదు. తప్పు చేసింది నేను. ఇంటింటికీ పోయి చెప్పే ధైర్యం లేదు కాబట్టి రాస్తున్నాను.

పిట్టకు పెట్టడమంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. మనిషి పోయినాక అతనికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, తాగే మనిషైతే మోదుగాకు డొప్పలో మందు పోసి, దూరం జరిగి కాకి కోసం చూస్తాం. కాకి ముట్టిందంటే పోయినాయన తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే ఏదో మనసులో పెట్టుకున్నట్టు. ఆ ఏదో ఏమిటన్నది ఒడ్డున నిలబడ్డవాళ్లు తేలుస్తారు. కాకిని ఎవరూ అడగరు.

ఇక నా సంగతి. నేను మందమర్రిలో బొగ్గుకు శాంపిళ్లు పట్టే ఉద్యోగం చేస్తాను. కుప్పలోంచి ఇంత తీసి, పొడి చేసి, బూడిద ఎంత, తేమ ఎంత అని చూసి దానికొక గ్రేడు రాయడం నా పని. ఇరవై ఏళ్లకు పైగా అదే చేస్తే మనిషికి ఒక జబ్బు పడుతుంది. ఇంట్లో పప్పుకు, పక్కింటివాళ్ల పిల్ల పెండ్లి భోజనానికి, చివరికి చుట్టాలకు కూడా మనసులో గ్రేడు పడిపోతుంటుంది. అట్లాంటి మనిషి చేతికి యాభయ్యో ఏట మంచి మందు రుచి చూపించే బాక్సు దొరికింది.

ఫోన్లో కనిపించింది మొదట. రెండు నెలలకోసారి ఒక అట్టపెట్టె. అందులో ఐదు చిన్న చిన్న సీసాలు, ఒక్కోటి ఒక్కో దేశానిది, ఒక్కోటి ఐదారు గుటకలు. వాటితోపాటు ఒక పుస్తకం. ఏ మందును ఎట్లా చూడాలో, ఎట్లా వాసన పట్టాలో, నాలుక మీద ఎంతసేపు ఉంచాలో అందులో రాసి ఉంటుంది. మన దగ్గర ఇంటికి పంపరు కాబట్టి చంద్రాపూర్‌లో ఉన్న నా పాత సోపతిగాని పేరు మీద తెప్పించుకునేవాణ్ని. వాడు చుక్క ముట్టడు. ‘పార్సల్ ఆలం రే’, వచ్చిందిరా అని మరాఠీలో ఒక మెసేజి పెట్టేవాడు. నేను రైలెక్కి పోయి, బట్టల సంచిలో లుంగీ మధ్య చుట్టి తెచ్చుకునేవాణ్ని.

ఆదివారం అన్నం తిన్నాక ముందుగదిలో నా పూజ మొదలయ్యేది. గ్లాసు కూడా ప్రత్యేకం, తామర మొగ్గ లెక్క కింద లావు, మీద సన్నం. అందులో మూత నిండా పోసి, తిప్పి, ముక్కు లోపలికి దించి కళ్లు మూసుకునేవాణ్ని.

‘‘ఏమయ్యా, సర్ది అయ్యిందా?’’ అనేది నా భార్య. ‘‘పావుగంట సంది ముక్కు బెట్టుకొని కూసున్నవ్.’’

‘‘సముద్రపు నాచు వాసన వస్తదని రాసిండ్రు.’’

‘‘సముద్రం నువ్వెప్పుడు జూసినవ్?’’

‘‘వైజాగ్ పోయినం గదా.’’

‘‘పోయినం. నేను, పిల్లలు సముద్రం జూసినం. నువ్వు రూముల పన్నవ్.’’

పుస్తకంలో ఉన్నవాటిలో సగం నాకు తెలియని వాసనలే. పాత గుర్రపు జీను అని ఉండేది. మా వంశంలో గుర్రం ఎక్కినవాడు పెండ్లినాడు తప్ప లేడు. అందుకని నేనే ఒక నోట్‌బుక్ పెట్టుకొని నాకు తెలిసిన వాసనలు రాసుకునేవాణ్ని. ఒకదానికి ‘మాగిన సీతాఫలం, కింద జర చింతతొక్కు’ అని. ఇంకోదానికి ‘కొత్త బీరువా తలుపు తీసినట్టు’ అని. గ్రేడు కూడా వేసేవాణ్ని. చదివితే ఇప్పుడు సిగ్గేస్తుంది కానీ అప్పుడు మందమర్రి మొత్తంలో నాలుకన్నది నాకొక్కడికే ఉందని నమ్మకం.

మా మామ శ్రీరాంపూర్‌లో కొడుకు దగ్గర ఉండేవాడు. గనిలో బొగ్గు కొట్టి కొలువు దిగిన మనిషి. నెలకో ఆదివారం బస్సెక్కి బిడ్డను చూడటానికి వచ్చేవాడు. వస్తూ వస్తూ చొక్కా జేబులో ఒక బ్రాందీ క్వార్టర్ తెచ్చుకునేవాడు, అన్నిటికంటే చౌకదే, ఎప్పుడూ అదే. స్టీలు గ్లాసులో సగం నీళ్లు, సగం అది. తాగి, మీసం తుడుచుకొని, బిడ్డ వండిన కోడికూర తిని, నిద్రపోయేవాడు. నేను దాన్ని చూసి ముఖం చిట్లించేవాణ్ని. ఆయన చూసేవాడు కూడా.

ఒకసారి ఆయనకు జ్ఞానం కలిగిద్దామని బాక్సులో వచ్చిన స్కాట్లాండు మందు ఒకటి పోసి ఇచ్చాను. పొగ వాసన ఉండేది అది. పుస్తకంలో దానికి రెండు పేజీలు పొగడ్తలు. నా నోట్‌బుక్‌లో అన్నిటికంటే పై గ్రేడు.

మామ వాసన చూశాడు. గుటకేశాడు. ఆగి, లేచి, గుమ్మం దాకా పోయి బయట ఉమ్మి వచ్చాడు.

‘‘అల్లుడా, గిది దవాఖాన్ల కట్టు గట్టేముందు పూస్తరు సూడు, గదే గదా.’’

‘‘కాదు మామా. అది పొగ. వాళ్ల దేశంల నేలల కెల్లి గడ్డలు గడ్డలు తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగ గింజలకు పట్టిస్తరు.’’

‘‘ఏం గడ్డలు?’’

‘‘గడ్డీగాదం నీళ్లల్ల మురిగి మురిగి, వేల ఏండ్లకు నల్లగైన మట్టి.’’

మామ గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. ‘‘అంటే బొగ్గు గావాల్సిందే, ఇంకా గాలేదు. పచ్చిబొగ్గు.’’

‘‘అట్లనే అనుకో.’’

‘‘ముప్పై ఏండ్లు పండిన బొగ్గు పొగ ముఫత్‌గ మింగిన బిడ్డా. ఇప్పుడు పచ్చిదానికి పైసలు బెట్టి తాగమంటవా?’’

వంటింట్లో నా భార్య నవ్వి నవ్వి గరిటె కింద పడేసింది. బొగ్గుకు గ్రేడు వేసే నేను ఉండగా, నా ఇంట్లో, నా మందుకు ఆయన గ్రేడు వేసి పోయాడు. పైగా ఆ మాట సరైనది. అది నన్ను ఎంత కొరికిందో ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నోట్‌బుక్ తీసి ‘మామ: నాలుక లేదు’ అని రాశాను.

తర్వాతి ఎండాకాలం ఆయన కాళ్లు ఉబ్బాయి, కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు కాలేయం చూసి ఒక్క చుక్క కూడా వద్దన్నాడు. బామ్మర్ది ఆ మాట పట్టుకున్నాడు. జేబులు వెతికాడు, బియ్యం డ్రమ్ము వెతికాడు, వాడకట్టు దుకాణాల్లో అందరికీ చెప్పి వచ్చాడు. మామ వాణ్ని తిట్టని తిట్టు లేదు. ‘‘నా కొలువు జేస్కుంట నన్నే తాగనియ్యవారా’’ అనేవాడు. ఏళ్ల కిందట మామ ఒళ్లు గని పనికి ఆగదని కంపెనీ తేల్చినప్పుడు ఆ ఉద్యోగం కొడుక్కే వచ్చింది మరి. వాడు తల వంచుకొని మందుబిళ్లలు చేతిలో పెట్టేవాడు.

పోవడానికి వారం ముందు నేను చూడటానికి పోతే మామ నా చేయి పట్టుకున్నాడు. ‘‘అల్లుడా, ఒక్క గుటక. నీ పచ్చిబొగ్గుదైనా సరే.’’

నా బీరువాలో పదిహేను సీసాలున్నాయి. ‘‘నీ కొడుకు వద్దన్నడు మామా’’ అని చెప్పి లేచి వచ్చాను. డాక్టరు వద్దన్నాడని చెప్పొచ్చు. నేనే వద్దంటున్నానని చెప్పొచ్చు. చులాగ్గా బామ్మర్ది పేరు చెప్పాను.

ఇక పదోనాడు. పొద్దున్నే బామ్మర్ది తానే దుకాణానికి పోయి, తండ్రి తాగే ఆ బ్రాందీ క్వార్టరే తెచ్చి నా చేతిలో పెట్టాడు. గుండు మీద ఎండ పడి మెరుస్తోంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

‘‘బావా, గిది బాపుది. నేను పోస్తే తీస్కుంటడో లేదో. డొప్పల నువ్వు పొయ్యి.’’

స్కూటీ డిక్కీలో ఆ క్వార్టర్ పెట్టాను. పెట్టి, ఇంటి నుంచి జేబులో వేసుకొచ్చిన చిన్న సీసా తీశాను. అదే పొగ మందు. ఆఖరి గుటకైనా మంచిది తాగి పోనీ అన్న ప్రేమతో అట్లా చేశానని తర్వాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ప్రేమే అయితే ఆయనకు ఏది ఇష్టమో అది పోసేవాణ్ని. అసలు మాట ఏమిటంటే, ఈసారి ఆయన ఉమ్మలేడు కదా అనుకున్నాను.

విస్తరిలో కోడికూర, బోటి, గారెలు, పక్కన బీడీలు. డొప్పలో నా మందు. అందరం ఇరవై అడుగులు వెనక్కి జరిగాం. మొదటి కాకి అయిదు నిమిషాల్లోనే వచ్చింది. బాగా బలిసిన కాకి. విస్తరి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కూర జోలికి పోకుండా నేరుగా డొప్ప దగ్గరికి పోయింది. మామే అనుకున్నారు అందరూ. ‘‘అగో, అగో’’ అని ఆడవాళ్లు కొంగులు నోట్లో పెట్టుకున్నారు.

అది ముక్కు ముంచింది. వెంటనే తల విదిలించి, రెండు గంతులు వెనక్కేసి, ముక్కును ఇసుకలో అటూ ఇటూ రాసింది. రాసి, కూర వైపు కూడా చూడకుండా ఎగిరిపోయింది. ఆ తర్వాత గంటన్నర, ఒక్క కాకి వస్తే ఒట్టు.

మొదట కావ్ కావ్ అని పిలిచారు. తర్వాత మొక్కులు మొదలైనాయి. ఒకాయన ‘‘నీ పెండ్లాన్ని మంచిగ జూస్కుంటం, ముట్టే’’ అన్నాడు. ఇంకొకాయన ‘‘నీ సైకిల్ అమ్మం, ముట్టు’’ అన్నాడు. చివరికి ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మామ తమ్ముడు అందరికీ వినపడేటట్టు అన్నాడు: ‘‘బతికున్నప్పుడు తాగనియ్యకపాయె. ఇప్పుడు డొప్పల పోస్తే ముడ్తడారా వాడు?’’

అంతే. నలభై తలలు బామ్మర్ది వైపు తిరిగాయి. అత్త నుదురు కొట్టుకుంటూ కూలబడింది. వాడు ఆ కాలే ఇసుకలో బోర్లా పడుకొని ‘‘బాపూ, తప్పయింది, ముట్టే, నన్ను గింత బద్నాం జెయ్యకే’’ అని ఏడ్చాడు. నలభై ఏళ్లు దాటిన మనిషి. కుటుంబం మొత్తం చూస్తుండగా.

డొప్ప మార్చడానికి నాకు అర నిమిషం పట్టేది. స్కూటీ పది అడుగుల దూరంలో ఉంది. కానీ మార్చాలంటే ముందు పోసింది ఏమిటో చెప్పాలి. చావుకాడ కూడా వేషాలేనా అంటారు, జీవితాంతం నవ్వుతారు. నవ్వులకు భయపడి నోరు మూసుకున్నాను. చివరికి కూరలు గోదావరిలో వదిలి, గారెలు, డొప్ప ఆవు ముందు పెట్టారు. డొప్పను ఆవు కూడా ముట్టలేదు. అది కూడా ఎవరూ పట్టించుకోలేదు.

ఒడ్డు మీది నుంచే అత్త కొడుకు ఇంటికి పోనన్నది. ‘‘నా మొగణ్ని ఎండబెట్టి సంపిన ఇంట్ల నేను మంచినీళ్లు ముట్ట’’ అని నా స్కూటీ ఎక్కింది. ఆమె కూర్చున్న సీటు కిందే డిక్కీలో ఆ క్వార్టర్ ఉంది.

అత్త పదకొండు నెలలు మా ఇంట్లో ఉంది. ప్రతి ఆదివారం బామ్మర్ది వచ్చేవాడు. తల్లికి జొన్నపిండి, బీపీ బిళ్లలు, ఆమె నములుకునే వక్కలు తెచ్చి గేటు దగ్గర నిలబడేవాడు. ఆమె లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేది. వాడు ఆ సంచి నా చేతికిచ్చి, ‘‘నువ్వే తెచ్చినవని చెప్పు బావా. నేనంటే మింగది’’ అనేవాడు. నేను అట్లాగే చెప్పేవాణ్ని. అత్త వాడకట్టులో అందరికీ ‘‘నా అల్లుడు కొడుకు కన్న ఎక్కువ’’ అని చెప్పుకునేది. నేను ఆ మాట విని తల ఊపేవాణ్ని.

బాక్సులు ఆపేశానని రాస్తే బాగుంటుంది. ఆపలేదు. ఇంకో అయిదు వచ్చాయి. నోట్‌బుక్‌లో గ్రేడులు కూడా వేశాను. డిక్కీలోని క్వార్టర్ ఏం చేయాలో తెలియక నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే తాగాను, స్టీలు గ్లాసులో, సగం నీళ్లు పోసుకొని. దానికి గ్రేడు వేయలేదు.

మామ ఏడాది కర్మ దగ్గర పడ్డప్పుడు అత్త ఒక నిర్ణయం చెప్పింది. ఈసారి కొడుకు చేతితో పెట్టేది లేదు, అల్లుడే పెడతాడు, అప్పుడైనా ముడతాడు అని. నా భార్య ‘‘తమ్ముడుండంగ అదేం మాట అవ్వా’’ అని ఏడ్చినా వినలేదు. రెండు రోజులకు బామ్మర్ది నేను పనిచేసే చోటికి వచ్చాడు. ఇద్దరం గేటు బయట చాయ్ హోటల్లో కూర్చున్నాం.

‘‘నువ్వే పెట్టు బావా. నాకేం లేదు.’’ చాయ్ తాగకుండా గ్లాసు తిప్పుతున్నాడు. ‘‘బాపు ముడితె సాలు. ఎవల చేతులైతేంది?’’

అప్పుడు చెప్పాను. సీసా, డొప్ప, డిక్కీ, అన్నీ. మామ బతికున్నప్పుడు ఉమ్మిన సంగతి, ఆఖరి వారం గుటక అడిగితే వాడి పేరు చెప్పి తప్పించుకున్న సంగతి కూడా. వాడు మధ్యలో ఒక్కసారి కూడా తలెత్తలేదు.

‘‘మరి నేను తెచ్చిన క్వార్టర్?’’

‘‘నేనే తాగిన.’’

‘‘ఎట్లుండె?’’

‘‘మంచిగనే ఉండె’’ అన్నాను.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. వాడు చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. ‘‘పదకొండు నెలలు బావా. గేటు కాడ నిలబడితి. నువ్వు సంచి తీస్కుంటివి.’’ గ్లాసు పక్కకు నెట్టి, ‘‘అవ్వకు నువ్వే చెప్పు. నేను పక్కన ఉండ. ఉంటే నేనే నేర్పిచ్చి చెప్పిచ్చిన్నంటది’’ అని లేచాడు.

అత్త అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కింద కూర్చొని మొత్తం చెప్పాను. రాళ్లు ఏరే వేళ్లు ఆగలేదు. చెప్పడం అయిపోయినాక ‘‘గా మందు ఉన్నదా?’’ అని అడిగింది. ఆ సీసాలో అడుగున కాస్త మిగిలి ఉంది, తెచ్చి ఇచ్చాను. మూత తీసి వాసన చూసింది. అరచేతిలో రెండు చుక్కలు పోసుకొని నాలుకకు అద్దుకుంది. ముఖమంతా ముడతలు దగ్గరికొచ్చాయి.

‘‘థూ! గిదా ఆయనకు పోసింది?’’

‘‘అవునత్తా.’’

‘‘వద్దని ముందే ఉమ్మిండు గదా?’’

‘‘ఉమ్మిండు.’’

‘‘ఉమ్మినా పోసినవ్.’’ చాట పక్కన పెట్టింది. ‘‘అంటే ఆయన కోపం కొడుకు మీద గాదు. నీ మీద.’’

కాదు అత్తా, కాకికి కోపాలు తెలియవు, వాసన నచ్చలేదంతే అని చెప్పే నోరు నాకు లేదు. పైగా ఆమె లెక్కలో అంతకంటే సరైనది ఏముంది?

‘‘నా పోరన్ని కుక్క లెక్క గేటు కాడ నిలబెడ్తి’’ అంది. నాతో కాదు. లోపలికి పోయి చీరలు ట్రంకు పెట్టెలో సర్దుకుంది. నా భార్య లోపలి నుంచే అంతా విని వంటింట్లో గోడకు ఆనుకొని నిలబడింది. నాతో ఇప్పటికీ అవసరానికే మాట్లాడుతుంది. అన్నం తిని పో అవ్వా అని ఆమె బతిమాలితే, అత్త చెప్పులేసుకుంటూ నన్ను చూపించి, ‘‘గీ ఇంట్ల ఇగ మంచినీళ్లు ముట్ట’’ అంది.

ఆటోలో శ్రీరాంపూర్ దాకా ఆమె ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ట్రంకు. బామ్మర్ది గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. తల్లి దిగి వాడి ముఖం వైపు చూడలేదు. చెప్పులు విడిచి, ఏమీ జరగనట్టు నేరుగా లోపలికి పోయి కోడలితో, ‘‘దూప అయితుంది, సల్లటి నీళ్లియ్యి బిడ్డా’’ అంది. చెంబు తీసిన చప్పుడు వినిపించింది. బామ్మర్ది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

కాసేపటికి ముఖం తుడుచుకొని వచ్చి నా చేతిలోంచి ట్రంకు అందుకున్నాడు.

‘‘ఏడాదికి రా బావా. అందరి ముంగట చెప్పాలె.’’

‘‘చెప్త.’’

‘‘సరే. ఇప్పుడైతే పో.’’

వాడు ట్రంకుతో లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. నేను అదే ఆటో ఎక్కాను.